అమెరికా ప్రొడ్యూసరు మా పడవెక్కిన రోజు

పోర్ట్ బ్లెయిర్ హార్బరులో లాంచీ నడిపే సరంగుగా నేను ఎక్కించుకోని ప్రాణి లేదు. పెద్ద పెద్ద ఆఫీసర్లు, పెళ్లికొడుకులు, నొప్పులు పడుతున్న ఆడవాళ్లు, మేకలు, ఒకసారి అడవి శాఖ వారి ఏనుగు పిల్ల కూడా నా లాంచీలో హార్బరు దాటాయి. కానీ రిటైరై గరాచర్మలో ఇల్లు కట్టుకుని కూర్చున్న నన్ను చూడటానికి కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు వస్తే, వాళ్లు వీటి గురించి ఏదీ అడగరు. "తాతా, ఆ అమెరికా సినిమావాడి కథ చెప్పు" అంటారు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. మీలో సగం మందికి తెలుగు మాట్లాడటమే తప్ప చదవటం రాదని నాకు తెలుసు. వచ్చినవాళ్లు రానివాళ్లకి చదివి వినిపించండి. తొందర తొందరగా చదవకండి, ఆ రోజు తలుచుకుంటే నాకే ఇప్పటికీ ఊపిరి ఆడదు.

మా వాళ్లది సోంపేట వైపు సముద్రపు ఒడ్డు. స్వాతంత్య్రం వచ్చాక, ఈ అండమాన్ దీవుల్లో చేపలు పట్టేవాళ్లు కావాలని సర్కారు పిలిస్తే, వలలూ పిల్లలూ మూటగట్టుకుని ఓడెక్కి వచ్చారు. ఆ పిల్లల్లో నేనొకణ్ణి. మా అన్నలంతా పడవల్లోకి వెళ్తే నేను సర్కారీ లాంచీలోకి వెళ్లాను. అందుకు మా పెద్దమ్మ, అంటే మా అమ్మకి అక్క, నన్ను చచ్చేదాకా ఆటపట్టించింది. "మా ఓడు సముద్రం మీద కూకుని జీతం తింటాడు గానీ ఒక్క సేప తేడు" అనేది.

ఒక రోజు మా ఆఫీసరు పిలిచి, అమెరికా నుంచి సినిమా కంపెనీ వస్తోందనీ, వాళ్లున్నన్నాళ్లూ నా లాంచీ వాళ్లకేననీ చెప్పాడు. తెలుగు, హిందీ, నాలుగు ముక్కల ఇంగ్లీషు కలిపి వచ్చినవాడు ఆ హార్బరులో నేనొక్కణ్ణేనట. నాకు పెళ్లి కుదిరినప్పుడు కూడా అంత సంబరం కలగలేదు. ఈ మాట మా ఆవిడ చదవదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఓడ వచ్చిన రోజున ఉతికిన యూనిఫారం వేసుకుని జెట్టీ మీద నిలబడ్డాను. నల్ల కళ్లజోడు పెట్టుకున్న ఒక పొడుగాటి యువకుడు దర్జాగా దిగాడు. ఇంకెవరు, ప్రొడ్యూసరంటే ఈయనే అనుకుని గట్టిగా సెల్యూట్ కొట్టాను. ఆయన డైరెక్టరు. ఆయన వెనకాల పొట్టిగా, బట్టతలతో, బొజ్జతో, కళ్లజోడుతో ఒక పెద్దాయన నిచ్చెన తాడు రెండు చేతులా పట్టుకుని, మెట్టు మెట్టుకీ కాలితో తడుముకుంటూ దిగుతున్నాడు. ప్రొడ్యూసరు ఆయన.

నా పక్కన ఉన్న మా ఇంజన్ డ్రైవరు, రాంచీ మనిషి, నిరాశగా తల గోక్కున్నాడు. "అరే భయ్యా, యే తో హమారే పోస్ట్ మాస్టర్ జైసా హై!"

నిజమే, అచ్చం మా పోస్ట్ మాస్టరులాగే ఉన్నాడు. మొదటి రోజే లాంచీ ఎక్కి, నేను చక్రం తిప్పే చోటికి వచ్చి, పక్కనున్న ఇనుప కడ్డీని పట్టుకున్నాడు. ఈత రాదట. నీళ్లంటే చిన్నప్పటి నుంచీ భయమట. ఆ భయం తెలియకుండా ఉండటానికి మాట్లాడుతూనే ఉండేవాడు. నన్ను "కెప్టెన్" అని పిలిచేవాడు. సరంగునే సార్ అని నేనంటే, "నన్ను ఒడ్డుకి చేర్చేవాడు ఎవరైనా నాకు కెప్టెనే" అనేవాడు. అలా రోజూ ప్రొద్దున్నే వెళ్తూ, సాయంత్రం వస్తూ తన బతుకంతా నాకు చెప్పుకొచ్చాడు. అర్థం కాని చోట చేతులతో చూపించేవాడు. అందుకు కూడా ఒక్క చెయ్యే వాడేవాడు, రెండోది కడ్డీ వదిలేది కాదు.

వాళ్ల నాన్న చెప్పులు కుట్టేవాడట. మంచు పడే ఊరు. ఇంట్లో పొయ్యికి బొగ్గు లేని రోజుల్లో వాళ్లమ్మ పిల్లల్ని సినిమా హాలుకి తీసుకెళ్లేదట, బొమ్మ కోసం కాదు, లోపల వెచ్చగా ఉంటుందని. అలా హాల్లో పెరిగి, ఆ హాల్లోనే టికెట్లు చింపే పనిలో చేరాడు. తర్వాత ఒక హాలు నుంచి ఇంకో హాలుకి రీళ్ల డబ్బాలు సైకిలు మీద మోశాడు. ఒకసారి ఆఖరి రీలు మంచులో పడేసి, హాలంతా ఈలలు వేస్తుంటే తెర ముందుకొచ్చి మిగిలిన కథ నోటితో చెప్పాడట! ఆ హాల్లో కూర్చున్న ఒక స్టూడియో మనిషి నవ్వి నవ్వి, ఇతన్ని తన ఆఫీసులో చేర్చుకున్నాడు. అక్కణ్ణుంచి గుర్రాల సినిమాలు, దొంగల సినిమాలు, ఆ పైన పెద్ద పెద్ద సినిమాలు. ఆయన పేరు లోకమంతా తెర మీద పడింది.

ఒక రోజు ఉండబట్టలేక అడిగేశాను. "సార్, మీరు వేషం వేయరు. కెమెరా పట్టుకోరు. కథ రాయరు. మరి మీరు చేసే పని ఏమిటి?"

ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "మా అమ్మ కూడా పోయేదాకా ఇదే అడిగింది. చూడు కెప్టెన్, నేను అందర్నీ ఒక చోటికి చేరుస్తాను. చేరాక వాళ్లకి నాతో పని ఉండదు. వెనక నిలబడి ఎండ ఉందా, వాన వస్తుందా అని చూస్తుంటాను."

ఎండా వానా చూడటమే ఆ సారి ఆయన ప్రాణం మీదికి వచ్చింది. అంతకు ముందు తీసిన రెండు సినిమాలూ నిలబడలేదు. ఈ సినిమాకి ఇల్లు కూడా తాకట్టు పెట్టాడు. పెట్టుబడి పెట్టినవాళ్లు, ఆఖరి దృశ్యం లేకుండా తిరిగొస్తే సినిమా మూసేస్తామని చెప్పి పంపారు. ఆ ఆఖరి దృశ్యం ఏమిటంటే, తెల్లవారుతుండగా ఒక ఊరి పడవలన్నీ ఒక్కసారిగా కెరటాలు దాటి సముద్రంలోకి వెళ్లటం. దాని కోసమే అంత దూరం నుంచి మా దగ్గరికి వచ్చాడు.

హోప్ టౌన్ దాటి, బయటి సముద్రానికి తెరుచుకున్న ఒక ఇసుక ఒడ్డు మీద మా వాళ్ల పడవలు ఉండేవి. అక్కడ పెద్దమ్మ మాటే చెల్లేది. పెదనాన్న సముద్రంలో పోయాక, ఆయన పడవని తన కొడుకు చేత నడిపిస్తోంది. ఆ పడవ నీళ్లలోకి దిగాకే మిగతావి దిగుతాయి. ఏదో వేషాలు వేయిస్తారని పెద్దమ్మ మొదట్లో ఒప్పుకోలేదు. "మేం రోజూ ఎల్లేదే గదేటి, ఫొటో తీసుకుంటే తీసుకోమను. ఆళ్ల కోసం ఏసం కట్టం" అంది. ప్రొడ్యూసరుకి ఆ మాట చెబితే మహదానందపడ్డాడు. వేషం కట్టొద్దు, రోజూ వెళ్లినట్టే వెళ్లండి, అదే కావాలి అన్నాడు.

కానీ రోజూ ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఒక రోజు మబ్బు. ఒక రోజు ఊళ్లో చావు, ఒక్క పడవా కదల్లేదు. ఇంకో రోజు అన్నీ బాగున్నాయి, కెమెరా బిగుసుకుపోయింది. డైరెక్టరు టోపీ నేలకేసి కొట్టి దాన్ని తొక్కేవాడు. చూస్తుండగానే ఆఖరి రోజు వచ్చేసింది. దీవుల్లో ఉండటానికి వాళ్లకిచ్చిన పర్మిట్ ఆ రోజుతో సరి. సాయంత్రం మద్రాసు ఓడ. ఆపైన వానలే వానలు.

ఆ తెల్లవారుజామున ఆకాశం కడిగిన కంచంలా ఉంది! తూర్పున ఎర్ర గీత పడుతోంది. లాంచీని ఒడ్డు చివర రాళ్ల పక్కన కట్టాను. డైరెక్టరూ, కెమెరా వాళ్లూ లాంచీలోనే సిద్ధంగా ఉన్నారు. పడవలు కదలగానే మేం కెరటాల అవతలికి వెళ్లి ఎదురుగా నిలవాలి, ఎండ పడవల వాళ్ల ముఖాల మీద పడుతుంది, అదీ ఏర్పాటు. నేను ఒడ్డు మీద పెద్దమ్మతో ఆఖరి మాట మాట్లాడుతున్నాను. మగవాళ్లంతా పడవల పక్కన చేతులు ఆనించి నిలబడ్డారు. వలలు ఎక్కాయి. గంగమ్మకి కొబ్బరికాయ కొట్టారు. ఇంక నెట్టటమే తరువాయి.

ప్రొడ్యూసరుకి సంతోషం పట్టలేదు. చేతులు చాపుకుని, ఇసకలో తూలుకుంటూ, వరసనే ఒక్కో పడవ దగ్గరికీ వెళ్లి, తియ్యటి తెలుగులో పలకరించాడు.

"ఎక్కడికి బాబూ? ఎక్కడికి?"

ఒక్క పడవని కూడా వదల్లేదు.

ఆ మాట ఎక్కణ్ణుంచి పట్టాడో తర్వాత తెలిసింది. వెళ్లిన ప్రతి దేశంలోనూ అక్కడి పలకరింపు ఒకటి నేర్చుకోవటం ఆయనకి సరదా. రోజూ మేం ఆగే హోప్ టౌన్ జెట్టీలో టికెట్లిచ్చేవాడు మన తెలుగువాడే, వచ్చిన ప్రతి మనిషినీ అలా అడగటం వాడి ఉద్యోగం. రోజూ విని విని, ఇది మన గుడ్ మార్నింగ్ అనుకున్నాడు పాపం. బయల్దేరేవాణ్ణి అలా అడగకూడదని మీ ఇళ్లలోనూ అంటారు కదా. ఇంట్లో అయితే వెనక్కొచ్చి కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరతాం. సముద్రంలోకి వెళ్లేవాడికి నీళ్లు తాగితే సరిపోదు. ఆ పూట పడవ దిగదు.

చేతులన్నీ పడవల మీంచి జారిపోయాయి. మా అన్న, పెద్దమ్మ కొడుకు, తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. "ఎల్తన్నోణ్ణి ఎక్కడికని అడిగీసినాడు. ఇంకేటెల్తాం? బస్, ఖతం" అని ఇసకలో కూలబడ్డాడు. అతన్ని చూసి అందరూ కూర్చున్నారు. కొందరు బీడీలు వెలిగించారు.

లాంచీలోంచి రాళ్ల మీదికి దిగి డైరెక్టరు అరుస్తున్నాడు, వెలుగు వచ్చేస్తోంది, కదలమనండి అని. ఏమైందో అర్థంకాక ప్రొడ్యూసరు నా చొక్కా పట్టుకున్నాడు. చెప్పాను. ఆయన అంత మాట అన్నవాడు తానేనని నమ్మలేనట్టు నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

నేను పెద్దమ్మ కాళ్లావేళ్లా పడ్డాను. "పెద్దమ్మా, ఆయనకి తెలీదు. పరాయి దేశపోడు. ఈ ఒక్క పూటా కాదంటే ఆయన ఇల్లు పోతాది."

పెద్దమ్మ నా వైపు తిరిగింది. కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది. "మీ పెదనాన్నని కూడా తెలీకే అడిగినారు, ఇదే ఒడ్డు కాడ. మరి రాలేదు. ఇప్పుడా పడవలో ఉన్నోడు నా కొడుకు. నాకు ఇల్లు పోయేది గాదు, కొంప మునిగేది."

డైరెక్టరు రాళ్లు దూకి పరుగెత్తుకొచ్చి డబ్బు కోసం జేబులో చెయ్యి పెట్టబోతే, ప్రొడ్యూసరు కసిరాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడగా వినటం నాకు అదే మొదటిసారి. తర్వాత పెద్దమ్మ ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. "కెప్టెన్, క్షమించమని అడుగు. నేనేం చేస్తే దోషం పోతుందో అడుగు. పోదంటే మనం వెళ్లిపోదాం."

పెద్దమ్మ ఆయన్ని పైనుంచి కింది దాకా చూసింది. మా ఒడ్డున దానికి విరుగుడు ఒక్కటే ఉంది. ఎవరూ దాన్ని ఎన్నడూ చేయగా నేను చూడలేదు.

"అడిగినోడు కూడా ఎక్కితే ఎల్లొచ్చు" అంది. "మంచయినా సెడ్డయినా ఆడికీ మనకీ ఒకటే. ఎక్కమను సూద్దాం."

చెప్పాను. ఆయన సముద్రం వైపు చూశాడు. ఆ రోజు కెరటాలు మనిషెత్తున లేచి విరుగుతున్నాయి.

"నాకు ఈత రాదని చెప్పు."

చెప్పాను. పెద్దమ్మ, "ఈదమని ఎవుడన్నాడు? కూకోమన్నాను" అంది.

ఆయన బూట్లు విప్పటం మొదలుపెట్టాడు.

డైరెక్టరు గగ్గోలు పెట్టాడు. ప్యాంటూ కళ్లజోడూ వేసుకున్న అమెరికావాడు ముందు పడవలో కనిపిస్తే సినిమా అంతా చెడుతుందన్నాడు. "అయితే లుంగీ తెప్పించు" అన్నాడు ప్రొడ్యూసరు. నవ్వొచ్చేసింది నాకు. పెద్దమ్మే తన కొడుకు లుంగీ ఒకటి ఆయన బొజ్జకి చుట్టి, ఊడకుండా తాడు కట్టి, పాత చొక్కా తొడిగి, తలకి తువ్వాలు బిగించింది. బీడీలు కాలుస్తున్నవాళ్లు ఒక్కొక్కరే లేచారు. మా అన్న ఆయన చేతికి తెడ్డు ఇచ్చి, పడవ మధ్యలో కూర్చోబెట్టాడు. ఆయన కళ్లజోడు నా చేతికిచ్చాడు. "కెప్టెన్, పరుగెత్తు!" అన్నాడు.

రాళ్ల మీద అలా ఎప్పుడూ పరుగెత్తలేదు! మోకాలు చీరుకుపోయింది, చూసుకోలేదు. డైరెక్టరు నా వెనకే దూకాడు. "చలో, చలో!" అని అరిచాను. మా ఇంజన్ డ్రైవరు అప్పటికే ఇంజను వేడి చేసి ఉంచాడు, మహానుభావుడు. కెరటాల చివర నుంచి చుట్టు తిరిగి, అవతలికి వెళ్లి, లాంచీ ముక్కు ఒడ్డు వైపు తిప్పి పట్టుకున్నాను. అప్పుడే మా వెనక సూర్యుడు నీళ్లలోంచి లేచాడు. ఒడ్డంతా ఒక్కసారి బంగారమైపోయింది.

"ఐలెస్సా!" కేక ఇంజను చప్పుడు మీంచి వినిపించింది. ముందు పెద్దమ్మ పడవ. దాని వెనక ఊరి పడవలన్నీ. కెమెరా గిర్రుమంటోంది. మొదటి కెరటం వచ్చి పడవ ముక్కుని ఆకాశంలోకి ఎత్తేసింది. తెడ్లు గాల్లో ఉన్నాయి. పడవ నిట్టనిలువుగా నిలబడి, నురగలో మాయమైపోయింది. నేను గంగమ్మకి మొక్కుకున్నాను. లుంగీలో ఉన్న ఆ అమెరికావాడి కోసం గంగమ్మకి మొక్కుకున్నవాడు లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

పైకొచ్చింది! నీళ్లు కార్చుకుంటూ పైకొచ్చింది. మధ్యలో ఆయన! తెడ్డు తలకిందులుగా పట్టుకుని, పిచ్చి పట్టినవాడిలా నీళ్లని కొడుతున్నాడు, నోరంతా తెరిచి ఏదో అరుస్తున్నాడు. భయమో, ఆనందమో, రెండూనో. రెండో కెరటం, మూడోది. వెనక పడవలన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఎగిరి దూకుతున్నాయి. మా ఇంజన్ డ్రైవరు పని వదిలేసి పైకొచ్చి, "షాబాష్! షాబాష్!" అని గంతులేస్తున్నాడు. ఆఖరి పడవ కెరటాలు దాటగానే ఒక పెద్ద అల లాంచీని కొట్టింది. మా అందరి మీదా నీళ్లు.

"లెన్స్ తడిసింది!" డైరెక్టరు తల బాదుకున్నాడు. "పోయింది, అంతా పోయింది. వెనక్కి తిప్పమను. మళ్లీ తీద్దాం, వెలుగు ఇంకా ఉంది."

వెనక్కా? కెరటాలు దాటిన పడవ పొడి వలతో ఒడ్డుకి తిరిగి రావటం మా వాళ్లలో లేదు. చెప్పాను. ఆయన వినలేదు. "నీ లాంచీ అడ్డం పెట్టు, తిప్పకపోతే ఎలా వెళ్తారో చూద్దాం" అన్నాడు. వాళ్లు చెప్పినట్టు చెయ్యమని మా ఆఫీసరు ఆజ్ఞ. చక్రం నా చేతుల్లో ఉంది. ముందు పడవ మా పక్క నుంచే దూసుకుపోతోంది. డైరెక్టరు బాకా అందుకుని ప్రొడ్యూసరుని పిలిచాడు, షాట్ చెడింది, వీళ్లని తిప్పు, నువ్వు చెబితే తిరుగుతారు అని.

ఆయన మా వైపు చూశాడు. ఇల్లు, సినిమా, పేరు అంతా ఆ ఒక్క ముక్కలో ఉందని ఆయన కంటే ఎక్కువ ఎవరికి తెలుసు?

"అడ్డం రాకు!" అని అరిచాడు. "కెప్టెన్, పక్కకి తప్పుకో! వీళ్లు పనికి వెళ్తున్నారు!"

లాంచీని పక్కకి తిప్పేశాను. పడవలన్నీ మమ్మల్ని దాటి బయటి సముద్రంలోకి వెళ్లిపోయాయి. డైరెక్టరు డబ్బా మీద కూలబడి, "ముసలాడు తన సినిమాని తనే ముంచుకున్నాడు" అన్నాడు.

షాట్ వచ్చిందా అని మీరు ఎగిరెగిరి అడుగుతారు, ఎప్పుడూ అంతే. వచ్చింది! మద్రాసులో ఫిల్ము కడిగి చూస్తే, లెన్స్ మీద నీళ్లు పడే లోపే పడవలన్నీ కెరటాలు దాటేశాయి. సినిమా ఆడింది, ఆయన ఇల్లు నిలిచింది. చాలా ఏళ్లకి అది పోర్ట్ బ్లెయిర్ హాలుకి వస్తే మా ఒడ్డు జనాన్నంతా నేనే లాంచీలో దాటించాను. టీ గ్లాసు ఖాళీ చేసేంత సేపు కూడా లేదు ఆ దృశ్యం. హాలు కప్పు లేచిపోయింది. అయితే ఇదంతా తర్వాతి మాట. ఆ రోజు మాత్రం, అంతా పోయిందనే మేమందరం అనుకున్నాం. ఆయన కూడా.

మధ్యాహ్నం సామానంతా ఓడ మీదికి చేర్చి, ప్రొడ్యూసరుని తీసుకురమ్మని నన్ను మళ్లీ ఒడ్డుకి పంపారు. నేను వెళ్లేసరికి పడవలు వచ్చేసి ఉన్నాయి. ఆయన ఇసకలో, మా అన్న పక్కన కూర్చుని ఉన్నాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. చొక్కా అంతా వాంతి మరకలు. కళ్లజోడు ఇస్తే పెట్టుకున్నాడు.

"సార్, ఓడకి టైమైంది."

"ఉండు కెప్టెన్. ఇంకా పేర్లు పిలవటం అవలేదు."

పెద్దమ్మ వాటాలు వేస్తోంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పడవలో ఎంతమంది వెళ్తే అన్ని కుప్పలు పెడతారు. ఎవరికి ఏ కుప్పో మాట రాకుండా, ఒకడు వెనక్కి తిరిగి నిలబడతాడు. కుప్ప మీద చెయ్యి పెట్టి ఎవరిదని అడిగితే, అతను చూడకుండా ఒక పేరు పలుకుతాడు. మా అన్న లేచి వెళ్లి సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. ఒక్కో పేరూ పలుకుతున్నాడు, ఒక్కొక్కరూ వెళ్లి తమ కుప్ప తీసుకుంటున్నారు. ఆయన మెడ చాచి, ప్రతి పేరుకీ చెవి ఒగ్గి వింటున్నాడు. తెర మీద తన పేరు అన్నిసార్లు చూసుకున్న మనిషి, అక్కడ తన పేరు ఉందో లేదో తెలియక ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

ఆఖరి కుప్ప మిగిలింది. కానాగంత చేపలు, ఎండకి మెరుస్తున్నాయి. పెద్దమ్మ దాని మీద చెయ్యి పెట్టింది.

"ఇది ఎవలిది?"

మా అన్న సముద్రం వైపు తిరిగే ఉన్నాడు.

"మన ముసిలోడిది."

నేను ఇంగ్లీషులో చెప్పబోయాను. ఆయన అప్పటికే లేచి, లుంగీ ఒడి పట్టుకుని, కుప్ప వైపు నడుస్తున్నాడు.